వారంటీ ముగిసిన కారు: కంపెనీ సర్వీసుకే వెళ్లాలా, ఆటోనగర్ మేస్త్రి దగ్గరకు వెళ్లాలా?

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. 2020 నవంబరులో కొన్న మా పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌కు పొడిగింపుతో కలిపి ఉన్న ఐదేళ్ల వారంటీ గత నెలతో ముగిసింది. బండి ఇప్పటికి 46,000 కిలోమీటర్లు తిరిగింది. ఇన్నాళ్లూ ఒక్క సర్వీసు కూడా తప్పకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించాను. ఈసారి వాళ్లు చేతికిచ్చిన ఎస్టిమేట్ చూశాక మాత్రం మొదటిసారి ఆగి ఆలోచించవలసి వచ్చింది. మొత్తం 20,140 రూపాయలు.

అందులో ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 3,100, ఎయిర్ ఫిల్టర్ 480, ఏసీ కేబిన్ ఫిల్టర్ 560, నాలుగు స్పార్క్ ప్లగ్గులు 1,150, బ్రేక్ ఆయిల్ 650, లేబర్ 2,900, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,250. ఆ కింద ఇంజన్ ఫ్లష్, అంటే ఇంజన్ లోపల కడగడానికి, 750. ఇంజెక్టర్ క్లీనింగ్ 1,450. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 900. ఏసీ ట్రీట్‌మెంట్ 1,350. బ్రేకులు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టడానికి 800. అండర్‌బాడీ కోటింగ్ 3,200. లోపలి శుభ్రతకు 1,600.

మా బావమరిది చాలా ఏళ్లుగా బండి ఇస్తున్న మేస్త్రి ఆటోనగర్‌లో ఉన్నారు. ఆయన ఫోనులోనే, సామాన్లతో కలిపి ఏడు వేలకు అటూ ఇటూ అవుతుందన్నారు. తేడా ఇంత ఎందుకుంది? ఐదేళ్లు కాపాడుకున్న సర్వీసు రికార్డును ఇప్పుడు తెంచుకుంటే రేపు అమ్మేటప్పుడు నష్టపోతానా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జాబ్‌కార్డు (హైదరాబాదు)

కృష్ణాతీరం గారూ, నేను తొమ్మిదేళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేసి మూడేళ్ల కిందట ఆ ఉద్యోగం మానేశాను. మీ ఎస్టిమేట్‌ను మధ్యలో ఒక గీత గీసి చదవండి. అలైన్‌మెంట్ వరకు ఉన్న పనుల మొత్తం 10,090. ఆ తరువాత రాసినవాటి మొత్తం 10,050. అంటే సగం బిల్లు మీ బండి అడిగినది కాదు.

బండితోపాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఏ కిలోమీటరుకు ఏది మార్చాలో, ఏది చూసి వదిలేయాలో చెప్పే పట్టిక ఉంటుంది. కారు తయారుచేసిన ఇంజనీర్లు రాసినది అదే. మొదటి సగంలోని పనులన్నీ ఇంచుమించు ఆ పట్టికలో కనిపిస్తాయి. ఇంజన్ ఫ్లష్, అండర్‌బాడీ కోటింగ్, ఏసీ ట్రీట్‌మెంట్ వంటివి మామూలుగా ఏ మాన్యువల్‌లోనూ ఉండవు. వాటిని మేము వాల్యూ యాడెడ్ సర్వీసులు అనేవాళ్లం. నెలకు ఇన్ని చేయించాలని ప్రతి అడ్వైజర్‌కూ లక్ష్యం ఉండేది, జీతంలో కొంత భాగం దానిమీదే ఆధారపడేది. ఎదురుగా కూర్చున్న కుర్రవాడు మోసగాడని నేను అనను. ఆ ఉద్యోగం అతణ్ని అలా అడిగిస్తుంది. మీరు మర్యాదగా, "మాన్యువల్ పట్టికలో ఉన్నవి మాత్రమే చేయండి, మిగతావి జాబ్ కార్డు అనే పనుల జాబితా నుంచి కొట్టేసి నాకు ప్రతి ఇవ్వండి" అంటే అతను కాదనడానికి వీలులేదు.

వేళకు మంచి ఆయిల్ మారుస్తూ వచ్చిన పెట్రోలు ఇంజన్‌కు ఫ్లష్ అవసరం లేదు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీని శుభ్రం చేయడం ఒక్కోసారి నిజంగానే అవసరమవుతుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలిచి ఇంజన్ నడుస్తున్నప్పుడు, బండి ఊగుతున్నా, సిగ్నల్ దగ్గర ఆగిపోతున్నా చేయించండి, లేకపోతే వద్దు. బ్రేకులు విప్పి శుభ్రం చేయడాన్ని మాత్రం నేను రెండో సగం నుంచి తీసి మొదటి సగంలో పెడతాను. వానాకాలం తరువాత బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోని పిన్నులు బిగుసుకుపోయి ఒకవైపు ప్యాడ్ త్వరగా అరిగిపోయిన బండ్లను నేను చాలా చూశాను.

కాబట్టి మీరు పోల్చవలసినది 20,140ని ఏడు వేలతో కాదు, 10,090కి బ్రేకుల శుభ్రత 800 కలిపి 10,890ని ఏడు వేలతో.

షెడ్డు మేస్త్రి (గుంటూరు)

నేను 1998లో పద్నాలుగేళ్ల వయసులో ఆటోనగర్ షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరాను, ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. నా వృత్తి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా వైపు మాట కూడా చెప్పాలనిపించింది.

జాబ్‌కార్డు గారు చెప్పిన మిగిలిన తేడా ఎక్కడినుంచి వస్తుందో చెబుతాను. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఏసీ హాలు, వెయిటింగ్ రూమ్, రిసెప్షన్, కంపెనీ అడిగిన పరికరాలు, కంపెనీ పెట్టిన శిక్షణ అన్నీ ఉండాలి. ఆ ఖర్చంతా లేబర్ ఛార్జీలోకే వస్తుంది. నా దగ్గర నేను, ఇద్దరు కుర్రాళ్లు, ఒక లిఫ్టు, ఒక స్కానర్ ఉన్నాం. సామాను ఇద్దరికీ ఒకే చోటినుంచి రావచ్చు. ఇప్పుడు పెద్ద కంపెనీల అసలు స్పేర్లు సీలు వేసిన డబ్బాల్లో కౌంటరులో ఎవరికైనా అమ్ముతున్నారు. నేను కస్టమరును "మీరే కొనుక్కుని రండి, బిల్లు మీ దగ్గరే ఉంటుంది" అని పంపిస్తాను. దానివల్ల నాకు వచ్చే కమిషను పోతుంది గానీ, ఆయిల్ నకిలీదేమోనన్న అనుమానం మా ఇద్దరి మధ్య ఉండదు.

మా బలం ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. పోయిన సంక్రాంతి ముందు ఒక మాస్టారు వచ్చారు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్కుమంటోంది. ఒక సర్వీస్ సెంటర్‌లో ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలని పధ్నాలుగు వేలకు ఎస్టిమేట్ ఇచ్చారట. బండి ఎత్తి, స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను చేత్తో పట్టి ఊపితే బాల్ జాయింటు వదులై ఆడుతోంది. షాక్ అబ్జార్బరు మీద ఆయిల్ కారిన మరక కూడా లేదు. లింక్ రాడ్లు రెండూ మార్చి లేబరుతో సహా రెండు వేల లోపు తీసుకున్నాను. అక్కడివాళ్లకు పని రాక కాదు. ఒక్కో బండికి లెక్కగట్టి సమయం ఇస్తారు, ఆ సమయంలో విడిభాగాన్ని వెతకడం కన్నా మొత్తం సెట్టు మార్చడం తేలిక.

మా బలహీనత కూడా దాచను. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా, ఏబీఎస్ మాడ్యూల్ పోయినా, తాళంచెవి ప్రోగ్రామింగ్ చేయాలన్నా, ఇంజన్ కంప్యూటరు సాఫ్ట్‌వేర్ మార్చాలన్నా నేను బండి ముట్టుకోను. నా స్కానర్ లోపం కోడ్ చదువుతుంది, చెరుపుతుంది, అంతవరకే. ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపలి పనీ, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల హైవోల్టేజి పనీ శిక్షణ లేకుండా చేసే షెడ్డుకు వెళ్లకండి. ప్రాణానికే ప్రమాదం.

నీలిరంగు బండి (కూకట్‌పల్లి)

మేస్త్రి గారి మాటల్లో నిజాయితీ కనిపిస్తోంది, అయితే షెడ్లన్నీ అలా ఉండవు. నాకు జరిగినది చెబుతాను.

రెండేళ్ల కిందట మా కాలనీ చివరి షెడ్డులో ఆయిల్ మార్పించాను. మూడో రోజు ఉదయం పార్కింగ్‌లో టైల్స్ మీద రూపాయి బిళ్లంత నల్ల మరక కనిపించింది. వారం తిరిగేసరికి అది అరచేయంత అయింది. తిరిగి తీసుకెళ్తే, ఆ కుర్రవాడు డ్రైన్ బోల్టు పానాకు ఒక ఇనుప గొట్టం తొడిగి ఇంకాస్త బిగించాడు. ఆ రాత్రే కారడం ఎక్కువైంది. చివరకు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ మరలు అరిగిపోయాయనీ, బోల్టుకు వేయవలసిన వాషరు అసలు వేయనేలేదనీ, సంప్ మొత్తం మార్చాలనీ చెప్పారు. నాలుగు వందలు మిగుల్చుకోబోయి ఎనిమిది వేలకు పైగా కట్టాను. షెడ్డు ఆయన నాకు బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అందువల్ల ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

ఆడవాళ్లం ఒంటరిగా వెళ్లినప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. "మేడమ్, మీకు తెలియదు, నేను చూసుకుంటాను" అనే మాట షెడ్డులోనూ విన్నాను, ఏసీ హాలులోనూ విన్నాను. కానీ ఏసీ హాలులో జాబ్ కార్డు మీద సంతకం ఉంటుంది, పైన మేనేజరు ఉంటారు, ఫిర్యాదు చేయడానికి కంపెనీ నంబరు ఉంటుంది. ఎక్కువ ధర కట్టి నేను కొనుక్కునేది ఆ జవాబుదారీతనాన్ని. దాన్ని వృథా ఖర్చు అనడానికి నాకు మనసొప్పదు.

షెడ్డు మేస్త్రి (గుంటూరు)

అమ్మా, మీకు జరిగినది మా వృత్తికి సిగ్గుచేటు. చాలా బండ్లకు సంప్ అల్యూమినియంతో ఉంటుంది, బోల్టు ఉక్కుది. బలం చూపిస్తే మెత్తని లోహమే అరిగిపోతుంది. అందుకే ఆ బోల్టుకు ఎంత బిగింపు ఇవ్వాలో కంపెనీ అంకె ఇస్తుంది, ఆ అంకెకు టార్క్ రెంచితో బిగించాలి, వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి. ఆ వాషరు ధర టీ నీళ్ల ఖర్చంత. షెడ్డును ఎంచుకునేవాళ్లు గోడమీద టార్క్ రెంచి వేలాడుతోందా లేదా అన్నది మొదట చూడండి. అది అక్కడుందంటే ఆ షెడ్డులో ఎవరో ఒకరికి పని సరిగ్గా నేర్పినవాళ్లు ఉన్నారని అర్థం.

వినియోగదారు (కర్నూలు)

వృత్తిరీత్యా న్యాయవాదిని. వారంటీ ఇంకా నడుస్తున్నవాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి రాస్తున్నాను. "బయట ముట్టుకుంటే వారంటీ పోతుంది" అన్న మాట మనలో చాలామందిని ఏళ్ల తరబడి భయపెట్టింది.

కంపెనీల మధ్య న్యాయమైన పోటీ ఉండేలా చూసే భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. స్పేర్ పార్టులనూ, లోపాలు కనిపెట్టే పరికరాలనూ, సాంకేతిక సమాచారాన్నీ తమ అధీకృత కేంద్రాలకే పరిమితం చేసి, బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది అందులోని ప్రధానాంశం. స్వతంత్ర మెకానిక్ దగ్గర పని చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దవుతుందనే నిబంధన పెట్టరాదనీ, ఆ మెకానిక్ చేసిన తప్పుడు పనివల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ కమిషన్ చెప్పింది. కంపెనీలు దానిమీద అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక కమిటీని వేసి, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో వాహనాల రంగం కూడా ఉంది.

అయినా నా సలహా ఒకటే: వారంటీ ఉన్నంతకాలం షెడ్యూలు సర్వీసులు కంపెనీలోనే చేయించండి. హక్కు మన పక్షాన ఉండవచ్చు. కానీ ఇంజన్ పాడైన రోజున, ఆ నష్టం బయటి పనివల్ల కాలేదని వాదించుకుంటూ నెలల తరబడి బండి లేకుండా గడపవలసింది మనమే.

నీలిరంగు బండి గారు బిల్లు గురించి చెప్పిన మాట నేను అందరికీ చెప్పేదే. షెడ్డు చేసినదైనా, షోరూమ్ చేసినదైనా సేవాలోపం సేవాలోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇద్దరికీ వర్తిస్తుంది. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల వరకు విలువకు ఫీజు లేకుండానే ఫిర్యాదు వేయవచ్చు. కానీ చేతిలో కాగితం లేకపోతే వీటిలో ఏదీ ముందుకు సాగదు. తెల్ల కాగితం మీదైనా సరే, తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వేసిన సామాను రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

డల్లాస్ తెలుగు

మా దగ్గర అమెరికాలో 1975నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, డీలరు దగ్గరే సర్వీసు చేయిస్తేనే వారంటీ చెల్లుతుందని కంపెనీ షరతు పెట్టడానికి వీల్లేదు. నేను పదేళ్లుగా బయటే ఆయిల్ మార్పిస్తున్నాను. రసీదులు ఒక ఫోల్డరులో పెట్టుకుంటాను. డీలరు దగ్గరకు, తయారీ లోపం సరిచేసే రీకాల్ పనులకు మాత్రమే వెళ్తాను.

విశాఖ డీజిల్

ఇక్కడి చర్చ అంతా పెట్రోలు బండ్ల గురించే జరుగుతోంది. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండి ఉన్నవాళ్లు పై సలహాలను యథాతథంగా పాటించవద్దని మనవి.

ఆ బండ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచుతుంది. హైవే మీద కాసేపు నిలకడగా నడిపినప్పుడు బండి తనంతట తానే ఆ మసిని కాల్చేసుకుంటుంది. రోజూ గాజువాక నుంచి ద్వారకానగర్ వరకు ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్లే బండికి ఆ అవకాశం దొరకదు. జల్లెడ నిండి దీపం వెలిగితే స్కానర్‌తో బలవంతంగా కాల్పించవలసి ఉంటుంది, ఆ పని అన్ని స్కానర్లూ చేయలేవు.

ఇంకా ముఖ్యమైనది ఆయిల్. ఈ ఇంజన్లకు కాలినప్పుడు బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేక గ్రేడు ఆయిల్ వాడాలి. మసిని కాల్చవచ్చు గానీ బూడిదను కాల్చలేం. అది జల్లెడలోనే పేరుకుపోతుంది. మామూలు డీజిల్ ఆయిల్ పోసి ఎనిమిది వందలు మిగిల్చిన మిత్రుడు ఒకరు తరువాత డీపీఎఫ్ కోసం లక్ష దాటిన ఎస్టిమేట్ చూశారు. నేను నా బండిని కంపెనీలోనే చేయిస్తున్నాను, బయటకు తీసుకెళ్లే ఉద్దేశం కూడా లేదు.

రెండో ఓనర్ (రాజమండ్రి)

నేను నడిపిన నాలుగు బండ్లూ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవే, కాబట్టి కృష్ణాతీరం గారి చివరి ప్రశ్నకు కొనేవాడి వైపు నుంచి జవాబు చెప్పగలను.

కంపెనీ రికార్డులో నేను ముందుగా చూసేది కిలోమీటర్లు. ఏడాదికేడాది పెరిగిన అంకె అక్కడ నమోదై ఉంటే మీటరు వెనక్కి తిప్పలేదని నమ్మకం కుదురుతుంది. మొదటి ఐదేళ్ల రికార్డు మీకు ఎలాగూ ఉంది. ఆ తరువాత సామాన్ల బిల్లులు, మేస్త్రి రాసిచ్చిన కాగితాలు వరుసగా ఉంటే నేనైతే ధర తగ్గించి అడగను. ఐదేళ్ల తరువాత ఒక్క కాగితమూ లేకపోతే తప్పకుండా అడుగుతాను.

బయట సర్వీసు చేయించేవాళ్లు మరచిపోయే విషయం రీకాల్. తయారీలోనే లోపముందని కంపెనీ ప్రకటించిన భాగాన్ని వారంటీ ముగిసినా ఉచితంగానే మారుస్తారు. లోపమున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల వ్యవహారంలో ఎంతో పాత బండ్లకు కూడా మార్చారు. కంపెనీ వెబ్‌సైటులో ఛాసీ నంబరు కొట్టి ఏడాదికోసారి చూసుకుంటే చాలు.

ఇంకో మాట. నా ప్రస్తుత బండి, మన దేశంలో తయారీ ఆపేసిన కంపెనీది. షెవర్లే 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు మానేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి బండ్లవాళ్లకు ఆ మోడల్ లోతుపాతులు తెలిసిన ఒక మేస్త్రిని వెతికి పెట్టుకోవడం సౌకర్యం కాదు, అవసరం. నేను రాజమండ్రి నుంచి బెజవాడ ఆటోనగర్‌కు బండి తీసుకెళ్తున్నాను, నా మోడల్ తెలిసిన మేస్త్రి అక్కడ ఉన్నాడు కాబట్టే.

జాబ్‌కార్డు (హైదరాబాదు)

ప్రమాదంలో దెబ్బతిన్న బండి విషయంలో ఇన్సూరెన్సు కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న గ్యారేజీకి వెళ్లండి, క్యాష్‌లెస్ పని అక్కడ తేలిక. బయట చేయిస్తే ముందు మీరు కట్టి తరువాత రాబట్టుకోవాలి. సర్వేయరు చూడకముందు మాత్రం ఎక్కడా బండి విప్పించవద్దు.

కృష్ణాతీరం గారూ, మీ ఎస్టిమేట్‌లో ఇంకొకటి గమనించాను. బ్రేక్ ఆయిల్ మార్చడానికి 650 రాశారు. ఎక్కడ చేయించినా దాన్ని తప్పించవద్దు. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పెరిగిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. ఊళ్లో తెలియదు గానీ, తిరుమల ఘాట్ దిగేటప్పుడో, శ్రీశైలం మలుపుల్లోనో వరసగా బ్రేకు తొక్కినప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. బాటిల్లో పైన ఉన్నది తీసి కొత్తది పోయడం మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్, అంటే పాత ద్రవమంతా బయటకు పంపే పని, చేయించాలి. మీరు పక్కనే నిలబడి చూడండి.

కృష్ణాతీరం (విజయవాడ)

సమాధానాలిచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం చేశానో చెబుతాను.

ముందు సర్వీస్ సెంటర్‌కు వెళ్లి రెండో సగం కొట్టేయమని అడిగాను. అడ్వైజరు అభ్యంతరం చెప్పకుండా 10,090కు కొత్త ఎస్టిమేట్ ఇచ్చారు. అప్పటికీ నాకు ఆటోనగర్ వైపే మొగ్గు కలిగింది, ఎందుకంటే పని కళ్లారా చూడాలన్న కోరిక ఈ చర్చ చదివాక బలపడింది. కంపెనీ స్పేర్ల కౌంటరులో మాన్యువల్ చూపించి, అందులో రాసిన గ్రేడు ఆయిలూ ఫిల్టరూ 2,350కి, ఎయిర్ ఫిల్టర్ 420కి, కేబిన్ ఫిల్టర్ 480కి, ప్లగ్గులు 920కి, బ్రేక్ ఆయిల్ 340కి కొన్నాను. డ్రైన్ బోల్టు వాషరు అడిగితే కౌంటరు ఆయన ఒకసారి నా ముఖంలోకి చూసి, డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. మేస్త్రి లేబరు 1,400, పక్క షాపులో అలైన్‌మెంట్ 700. మొత్తం 6,610 రూపాయలు అయింది.

షెడ్డులో రెండున్నర గంటలు కూర్చున్నాను. టార్క్ రెంచి గోడమీద కాదు, బీరువాలో గుడ్డ చుట్టి ఉంది. అడగకుండానే తీశారు. వెనక కుడి చక్రం దగ్గర బ్లీడింగ్ మొదలుపెట్టినప్పుడు గొట్టంలోంచి టీ రంగు ద్రవం వచ్చింది. అది తేనె రంగుకు, చివరకు నీళ్లలా తేటగా మారేదాకా మేస్త్రి లోపల కూర్చున్న కుర్రవాడికి "తొక్కు, వదులు" అని చెబుతూనే ఉన్నారు. ముందు ఎడమ కాలిపర్ కింది పిన్ను బిగుసుకుపోయి ఉంది, అటువైపు లోపలి ప్యాడ్ మిగతా వాటికన్నా బాగా అరిగింది. జాబ్‌కార్డు గారు చెప్పకపోతే నేను ఆ బ్రేకులు విప్పమని అడిగేవాణ్నే కాదు. పిన్ను శుభ్రం చేసి గ్రీజు పెట్టారు, ప్యాడ్లు ఇంకో ఐదారు వేల కిలోమీటర్లకు మార్చుకోమన్నారు. పాత సామాను అంతా ఆయిల్ డబ్బాలు వచ్చిన అట్టపెట్టెలో పెట్టి డిక్కీలో వేశారు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పనులు రాసి సంతకం చేసి ఇచ్చారు. బిల్లులతోపాటు ఆ కాగితాన్ని కంపెనీ సర్వీసు పుస్తకంలోనే పెట్టాను.

రీకాల్ కూడా వెబ్‌సైటులో చూశాను, మా బండికి ఏదీ లేదు.

నీలిరంగు బండి గారి అనుభవం మనసులో ఉండి, ఇంటికి రాగానే ఆ అట్టపెట్టె చింపి ఇంజన్ కింద పరిచాను. ఈరోజుకు ఆరు రోజులు, 210 కిలోమీటర్లు. పొద్దున్నే టార్చి వేసి చూస్తున్నాను, అట్ట మీద చుక్క పడలేదు.